యంత్రాలకు ఇంటర్నెట్ లేకపోతే ముప్పు లేనట్టేనా?

నమస్కారం. మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక మధ్యతరహా కర్మాగారంలో మీరు మెయింటెనెన్స్ విభాగం చూస్తున్నారు. మీ దగ్గర అందరికంటే ఎక్కువ సరుకు కొనే కంపెనీ సైబర్ భద్రత మీద పొడవాటి ప్రశ్నావళి పంపి, నెల రోజుల్లో జవాబులు ఇమ్మంది. మీ యంత్రాలకు ఇంటర్నెట్ లేదు, ఆఫీసు కంప్యూటర్లన్నిటిలో యాంటీవైరస్ ఉంది, బ్యాంకుల్లో ఉన్నట్టు దొంగిలించదగ్గ సమాచారమేదీ మీ దగ్గర లేదు. అలాంటప్పుడు మీకు నిజంగా ముప్పు ఉందా, ఉంటే మొదట ఏం చేయాలి అని అడిగారు.

ముప్పు ఉంది. ఇరవై రెండేళ్లుగా కర్మాగారాల్లో పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే చిన్న పారిశ్రామిక కంప్యూటర్లు, వీటినే కంట్రోలర్లు అంటాం), స్కాడా వ్యవస్థలు (ప్లాంటు మొత్తాన్ని తెర మీద చూసి నడిపేవి) అమర్చడం నా వృత్తి. చివరి పదేళ్లు ఎక్కువగా వాటి భద్రత చూడడానికే సరిపోయాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీరు చూపిన మూడు ధీమాల్లో ఒక్కటీ పూర్తిగా నిలబడదు. అయితే ఎక్కడో కూర్చున్నవాడు మీ రోబో చేతిని ఇష్టం వచ్చినట్టు తిప్పుతాడేమోనన్న భయం మీకు మొదటి భయం కానక్కరలేదు. ఒక సోమవారం పొద్దున ఆఫీసులో ఒక్క కంప్యూటరూ తెరుచుకోకపోతే, యంత్రాలన్నీ చెక్కుచెదరకుండా ఉండి కూడా మీరు సరుకు పంపలేని స్థితి వస్తుంది. ఆ స్థితి నుంచి ఎన్ని రోజుల్లో తేరుకోగలరన్నదే మీ ముప్పుకు అసలైన కొలత.

ముందు ఇంటర్నెట్ సంగతి చూద్దాం. కొన్నేళ్ల క్రితం ఒక కర్మాగారంలో సరిగ్గా మీ మాటే విన్నాను. ప్లాంటు మేనేజరు నెట్‌వర్క్ డ్రాయింగు తెచ్చి బల్ల మీద పరిచి, ఉత్పత్తి విభాగం నుంచి బయటకు ఒక్క గీత కూడా లేదని చూపించారు. డ్రాయింగు తప్పు కాదు, గీసిన రోజున అది నిజమే. తరువాత ఇద్దరం కలిసి లైను వెంబడి నడుస్తూ ఒక్కొక్క ప్యానెల్ తెరుచుకుంటూ వెళ్లాం. నాలుగో యంత్రం ప్యానెల్‌లో, పీఎల్‌సీ పక్కన అదే రెయిలు మీద, అరచేయంత పెట్టె ఒకటి బిగించి ఉంది. దానికి చిన్న యాంటెనా, ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటోంది. లోపల సిమ్ కార్డు ఉంది. యంత్రం సరఫరా చేసిన కంపెనీవారు కమిషనింగ్ (యంత్రాన్ని అమర్చి మొదటిసారి నడిపించడం) సమయంలో, తరువాత ఏదైనా ఇబ్బంది వస్తే దూరం నుంచే చూడవచ్చని పెట్టి వెళ్లిన 4జీ రౌటర్ అది. మూడేళ్లుగా పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంది. దాని పాస్‌వర్డు, కింద స్టిక్కరు మీద అచ్చువేసి ఉన్న పాస్‌వర్డే. సిమ్ బిల్లు సరఫరాదారు కడుతున్నందువల్ల అది కర్మాగారం డ్రాయింగుల్లోనే కాదు, ఖాతా పుస్తకాల్లో కూడా లేదు. పెట్టినవారికి దురుద్దేశమేమీ లేదు, పైగా అది రెండుసార్లు లైను ఆగిపోకుండా కాపాడిందని షిఫ్టు ఇంజినీరే చెప్పాడు. అడగకుండా తెరిచిన తలుపు మూడేళ్లపాటు ఎవరి కంటా పడకపోవడమే నన్ను కలవరపెట్టింది.

ఇలాంటి రౌటర్ మీ దగ్గర లేకపోవచ్చు. అప్పుడు కూడా దారులు ఉంటాయి. పొద్దున ఆఫీసులో మెయిల్ చూసుకున్న ల్యాప్‌టాప్‌నే మధ్యాహ్నం తెచ్చి పీఎల్‌సీకి తగిలించే ఇంజినీరు ఒక దారి. సీఎన్‌సీ యంత్రాలకు (కంప్యూటర్ ప్రోగ్రాము ప్రకారం లోహాన్ని కోసేవి) ప్రోగ్రాములు మోసే పెన్‌డ్రైవ్ మరొకటి. షిఫ్టులో ఎన్ని ముక్కలు తయారయ్యాయో ఈఆర్‌పీకి (ఆర్డర్లు, స్టాకు, లెక్కలు చూసే ఆఫీసు సాఫ్ట్‌వేర్) చేరవేయడం కోసం రెండు నెట్‌వర్క్ కార్డులతో, ఒక కాలు ఆఫీసులో, ఒక కాలు లైనులో పెట్టి నిలబడే కంప్యూటర్ ఇంకొకటి. ఈ చివరిది నేను చూసిన దాదాపు ప్రతి కర్మాగారంలోనూ ఉంది.

ఇంటర్నెట్ ఏమాత్రం లేని చోట కూడా ఏం జరగవచ్చో 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ చూపించింది. ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం శుద్ధి కేంద్రంలో సెంట్రిఫ్యూజులను నడిపే సీమెన్స్ పీఎల్‌సీలే దాని లక్ష్యం. అది పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకగలిగేలా తయారైంది. మామూలుగా 1064 హెర్ట్జ్ దగ్గర నడిచే మోటారు డ్రైవ్‌లను (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరాలను) కొంతసేపు 1410కి పెంచి, మరోసారి 2 హెర్ట్జ్‌కు దించి, యంత్రాలు తమంతట తామే పాడయ్యేలా చేసింది. ఆ సమయంలో ఆపరేటరు తెర మీద అంకెలన్నీ సవ్యంగానే కనిపించేలా చూసుకుంది. అంత ఖర్చు, అంత శ్రమ మీ కర్మాగారం కోసం ఎవరూ పెట్టరు, ఆ భయం అక్కరలేదు. కానీ యంత్రం ఎందుకు అంత తేలికగా లొంగిపోయిందన్నది మాత్రం మీకూ వర్తించే విషయం.

పీఎల్‌సీకి ఆజ్ఞ పాటించడమే తెలుసు, ఇచ్చినది ఎవరని అడగడం తెలియదు. నేటికీ లక్షల పరికరాలు మాట్లాడే మోడ్‌బస్ భాష 1979లో మోడికాన్ కంపెనీ రూపొందించినది. అప్పట్లో తీగకు రెండు చివరలా ఉన్నవి ఒకే గదిలోని పరికరాలు కాబట్టి, మాట్లాడేవాడు ఎవడో నిర్ధారించుకునే ఏర్పాటు దానిలో లేదు, పాస్‌వర్డు ఊసే లేదు. ఆ తీగను తరువాత ఈథర్నెట్‌కు మార్చాం, ఈథర్నెట్‌ను ఆఫీసుకు కలిపాం. భాష మాత్రం అదే. అందుచేత ఆ నెట్‌వర్క్‌లోకి ఒకసారి అడుగుపెట్టినవాడు వాల్వు తెరవమంటే తెరుచుకుంటుంది, మోటారు ఆపమంటే ఆగిపోతుంది. కొత్త తరం కంట్రోలర్లలో పాస్‌వర్డులు, సర్టిఫికెట్లు వచ్చాయి గానీ, కమిషనింగ్ తొందరలో వాటిని ఆన్ చేయకుండానే అప్పగించడం పరిపాటి.

దీనికి తోడు వయసు. ఆఫీసు కంప్యూటర్‌ను ఐదేళ్లకు మారుస్తారు, ప్రెస్సునో ఫర్నేసునో ఇరవై ఏళ్లు నడుపుతారు. దానితో వచ్చిన హెచ్‌ఎంఐ కంప్యూటర్ (ఆపరేటరు యంత్రాన్ని చూసి నడిపే తెర) కూడా అంతకాలమూ అక్కడే ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది, విండోస్ 7కు 2020 జనవరి 14న ముగిసింది, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఈ మూడింటినీ ఒకే లైనులో పక్కపక్కన పనిచేస్తుండగా చూశాను. వాటిని మార్చకపోవడం మెయింటెనెన్స్ వారి అలసత్వమని ఐటీ వారు అంటుంటారు, అది అన్యాయం. ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేస్తే యంత్రం సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందన్న హామీ సరఫరాదారు ఇవ్వడు, పనిచేయకపోతే ఆగిపోయిన లైనుకు జవాబు చెప్పవలసింది మెయింటెనెన్స్ మనిషే. ప్యాచ్ వేయలేని యంత్రం ఉండడం తప్పు కాదు. అది వేయలేనిదని తెలిసి కూడా దానిని అందరూ తిరిగే నెట్‌వర్క్‌లో వదిలేయడం తప్పు.

ఇక దొంగిలించడానికి మీ దగ్గర ఏమీ లేదన్న మాట. రాన్సమ్‌వేర్ ముఠాలకు మీ సమాచారం విలువైనది కానక్కరలేదు, మీ సమయం విలువైనదైతే చాలు. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళం తీయడానికి డబ్బు అడగడమే వారి వ్యాపారం. గంట ఆగితే ఎంత నష్టమో లెక్క తెలిసిన చోటే ఆ బేరం త్వరగా తెగుతుంది, కర్మాగారాలంటే వారికి మోజు అందుకే. 2021 నుంచి ఐబీఎం సైబర్ భద్రత విభాగం ఎక్స్-ఫోర్స్ వార్షిక నివేదికల్లో అత్యధికంగా దాడులకు గురైన రంగంగా తయారీ రంగం వరుసగా మొదటి స్థానంలో నిలుస్తూ వచ్చింది.

ఈ దాడి దగ్గరి నుంచి చూస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే నార్స్క్ హైడ్రో సంగతి చూడాలి. నార్వేకు చెందిన ఈ అల్యూమినియం కంపెనీకి అప్పటికి 40 దేశాల్లో 35,000 మంది ఉద్యోగులు ఉన్నారు. 2019 మార్చి 19న లాకర్‌గోగా అనే రాన్సమ్‌వేర్ వారి కంప్యూటర్లకు తాళం వేసింది. అంతకు కొన్ని నెలల ముందే, నమ్మకమైన ఖాతాదారు నుంచి వచ్చినట్టున్న మెయిల్‌లోని అటాచ్‌మెంటును ఒక ఉద్యోగి తెరిచాడు. అంటే నేరగాళ్లు లోపలికి వచ్చిన రోజే దాడి చేయలేదు, నెలల తరబడి లోపల తిరిగి, ఏది ఎక్కడ ఉందో చూసుకుని, తమకు అనువైన రోజున మీట నొక్కారు. ఆ పొద్దున పనికి వచ్చినవారికి తలుపుల మీద అంటించిన కాగితాలు కనిపించాయి, ఏ పరికరాన్నీ నెట్‌వర్క్‌కు కలపవద్దని వాటి మీద రాసి ఉంది. చాలాచోట్ల పనిని మనుషులే చేత్తో నడిపించారు. కాగితాల మీద ఆర్డర్లు రాసుకుని లైను నడిపిన కాలం తెలిసిన కొందరు విశ్రాంత ఉద్యోగులు తిరిగి వచ్చి సాయపడ్డారు. కంపెనీ డబ్బు కట్టలేదు, తన దగ్గరున్న బ్యాకప్‌లతోనే అన్నీ తిరిగి నిలబెట్టుకుంది, జరిగినది జరిగినట్టు లోకానికి చెప్పింది. ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లోనే 55 కోట్ల నుంచి 65 కోట్ల నార్వే క్రోనర్ల మేర దెబ్బ తగిలిందని అంచనా కట్టింది. అందరికంటే ఎక్కువ నష్టపోయినది ఎక్స్‌ట్రూజన్ విభాగం (అల్యూమినియంను డై అనే అచ్చు గుండా తోసి ఆకారం ఇచ్చేది). అక్కడ ప్రతి ఖాతాదారుకూ వేరే కొలత, వేరే డై, వేరే ఆర్డరు ఉంటాయి. ఆ వివరాలన్నీ కంప్యూటర్లలో ఉండిపోయాక, ప్రెస్సులు బాగానే ఉన్నా వాటితో ఏం తయారుచేయాలో తెలియలేదు.

మీ కర్మాగారాన్ని ఆ కళ్లతో ఒకసారి చూసుకోండి. రేపటి ప్లాను ఈఆర్‌పీలో ఉంటుంది. బార్‌కోడ్ లేబులు అచ్చు కాకపోతే కొనుగోలుదారు పెట్టె దించుకోడు. ఇన్‌వాయిస్ లేకపోతే లారీ గేటు దాటదు. నాణ్యత రికార్డు లేకపోతే తయారైన సరుకు కూడా పక్కన పెట్టవలసిందే. వీటిలో ఒక్కటి కూడా పీఎల్‌సీ కాదు, అయినా వీటిలో ఏ ఒక్కటి ఆగినా రెండు మూడు షిఫ్టుల్లో లైను ఆగుతుంది. నేను దగ్గరగా చూసిన రాన్సమ్‌వేర్ సంఘటనల్లో ఎక్కువ వాటిలో నేరగాళ్లు కంట్రోలర్ల జోలికి పోనేలేదు.

2017 జూన్ 27న వ్యాపించిన నాట్‌పెట్యా చూడడానికి రాన్సమ్‌వేర్‌లాగే ఉన్నా, డబ్బు కట్టినా ఫైళ్లు తిరిగి రాని విధ్వంసక సాధనం. ఉక్రెయిన్‌లో వాడే ఎం.ఈ.డాక్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాన్ని కలిపి వదిలారు. అక్కడ చిన్న కార్యాలయం ఉన్నందుకే ప్రపంచవ్యాప్తంగా పెద్ద పెద్ద తయారీ సంస్థలు దెబ్బతిన్నాయి. మందుల కంపెనీ మెర్క్ తన గార్డసిల్ టీకాకు కొరత వచ్చి, అమెరికా ప్రభుత్వ నిల్వల నుంచి అరువు తెచ్చుకోవలసి వచ్చింది. మాండెలీజ్, సాంగోబాన్ వంటి కంపెనీలకు కూడా అదే గతి పట్టింది. ఆ దాడికి వాటితో ఏ వైరమూ లేదు.

మీకు ప్రశ్నావళి ఎందుకు వచ్చిందో కూడా ఇక్కడే చెప్పాలి. 2022 మార్చి 1న టయోటా జపాన్‌లోని తన 14 కర్మాగారాల్లో 28 లైన్లను ఒక రోజు ఆపేసింది. సుమారు 13,000 వాహనాల ఉత్పత్తి ఆగిపోయింది. దాడి జరిగినది టయోటా మీద కాదు, దానికి ప్లాస్టిక్ విడిభాగాలు ఇచ్చే కోజిమా ఇండస్ట్రీస్ మీద. కోజిమాలోకి దారి దొరికినది దాని అనుబంధ సంస్థ ఒకటి వాడుతున్న రిమోట్ కనెక్షన్ పరికరంలోని లోపం ద్వారా. విడిభాగం అవసరమైన గంటకే చేరే పద్ధతిలో పనిచేసే పరిశ్రమలో, ఒక్క సరఫరాదారు సర్వరు ఆగితే వాహన కంపెనీ మొత్తం ఆగుతుందని ఆ రోజుతో అందరికీ తెలిసింది.

అదే గొలుసు అటునుంచి తెగితే ఏమవుతుందో 2025లో బ్రిటన్ కార్ల కంపెనీ జాగ్వార్ ల్యాండ్ రోవర్ దగ్గర చూశాం. సైబర్ దాడి వల్ల సెప్టెంబర్ మొదట్లో ఆగిన ఉత్పత్తి అక్టోబర్ 8 నుంచి గానీ దశలవారీగా మొదలుకాలేదు. ఆ సంఘటన వల్ల బ్రిటన్ ఆర్థిక వ్యవస్థకు 190 కోట్ల పౌండ్ల నష్టమని, ఐదు వేలకు పైగా సంస్థలు దెబ్బతిన్నాయని అక్కడి సైబర్ మానిటరింగ్ సెంటర్ అంచనా వేసింది. ప్రభుత్వం 150 కోట్ల పౌండ్ల రుణానికి హామీ ఇవ్వవలసి వచ్చింది. ఆ ఐదు వేలలో చాలావాటి కంప్యూటర్లకు ఏమీ కాలేదు, వాటికి ఆర్డర్లే ఆగిపోయాయి. మీరు ఒకే కొనుగోలుదారు మీద ఎక్కువగా ఆధారపడితే, ఇది కూడా మీ సైబర్ ముప్పే.

యాంటీవైరస్ విషయంలో ఎక్కువ చెప్పను, ఒక్క ఉదాహరణ చాలు. ప్రపంచంలోనే అతిపెద్ద కాంట్రాక్ట్ చిప్ తయారీ సంస్థ టీఎస్‌ఎంసీలో 2018 ఆగస్టు 3న వైరస్ వ్యాపించి తైవాన్‌లోని ఫ్యాక్టరీల్లో యంత్రాలు ఆగాయి. కొత్తగా వచ్చిన యంత్రాన్ని వైరస్ పరీక్ష చేయకుండా నెట్‌వర్క్‌కు కలపడమే కారణం. లోపలికి వచ్చినది విండోస్‌లోని ఒక లోపం ద్వారా పాకే వానాక్రై రకం వైరస్. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, 2017 మేలోనే ఆ వైరస్ రెనో కర్మాగారాలను ఆపింది, జూన్‌లో హోండా సయామా ప్లాంటును ఒక రోజు ఆపింది. ఏడాది దాటాక కూడా అదే వైరస్ అంత జాగ్రత్తగల సంస్థలోకి కొత్త యంత్రంతోపాటు నడిచి వచ్చింది. మీ ఆఫీసు కంప్యూటర్లలో ఉన్న యాంటీవైరస్‌కు ఈ దారి కనిపించదు.

యంత్రాలకే హాని జరిగిన సందర్భాలు అరుదు, కానీ అక్కడ మనుషుల ప్రాణాలతో పని కాబట్టి వదిలేయలేను. జర్మనీలో ఒక ఉక్కు కర్మాగారంలో నేరగాళ్లు మోసపు మెయిళ్లతో ఆఫీసు నెట్‌వర్క్‌లోకి, అక్కడి నుంచి ఉత్పత్తి నెట్‌వర్క్‌లోకి చేరారని, బ్లాస్ట్ ఫర్నేసును పద్ధతి ప్రకారం ఆపలేక భారీ నష్టం జరిగిందని ఆ దేశ సమాచార భద్రత సంస్థ బీఎస్‌ఐ 2014 నివేదికలో రాసింది. ఇంకా భయపెట్టేది 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో దొరికిన ట్రైటన్ అనే హానికర సాఫ్ట్‌వేర్. అది దాడి చేసినది ఉత్పత్తి నడిపే కంట్రోలర్ల మీద కాదు, ప్రమాదం వస్తే ప్లాంటును ఆపవలసిన ట్రైకోనెక్స్ భద్రత కంట్రోలర్ల మీద. దాడిలోని పొరపాటు వల్లనే ప్లాంటు సురక్షితంగా ఆగి, విషయం బయటపడింది. ఆ కంట్రోలర్ ముందు భాగంలో తాళంచెవి ఉంటుంది. దాన్ని రన్ స్థానంలో ఉంచితే బయటి నుంచి ప్రోగ్రాము మార్చడం కుదరదు. ఆ రోజు అది ప్రోగ్రామ్ స్థానంలో వదిలేసి ఉంది.

ఈ తాళంచెవి విషయం నా మనసులోంచి పోదు. ఆ తరువాత ఏ కర్మాగారానికి వెళ్లినా ముందు ప్యానెళ్లు తెరిచి తాళంచెవులే చూస్తాను. సగానికి సగం చోట్ల అది ప్రోగ్రామ్ వైపో రిమోట్ వైపో తిరిగి, తాళంచెవి దానికే వేలాడుతూ ఉంటుంది. మీ కంట్రోలర్లకు అలాంటి స్విచ్ ఉంటే, రేపటి షిఫ్టులోనే రన్ వైపు తిప్పి, తాళంచెవి తీసి షిఫ్టు ఇన్‌చార్జి దగ్గర ఉంచండి. అయితే తిప్పేటప్పుడు మధ్యలో స్టాప్ స్థానం దాటాలేమో ముందు మాన్యువల్‌లో చూసుకోండి, దాటవలసి వస్తే యంత్రం ఖాళీగా ఉన్నప్పుడే చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

యంత్రాలతో సంబంధం లేని మోసం కూడా తయారీ సంస్థలను బాగా దెబ్బతీస్తోంది. 2016 జనవరిలో ఆస్ట్రియాకు చెందిన విమాన విడిభాగాల కంపెనీ ఎఫ్‌ఏసీసీ, పై అధికారి పేరుతో వచ్చిన దొంగ మెయిల్ నమ్మి సుమారు 5 కోట్ల యూరోలు పోగొట్టుకుంది. ఆ తరువాత కొన్ని నెలలకే సీఈఓ పదవి పోయింది. సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న ఫోన్ నంబరుకు చేసి అడిగిన తరువాతే డబ్బు పంపాలని మీ అకౌంట్స్ వారికి చెప్పండి.

ఇప్పుడు మొదట ఏం చేయాలన్నది. సాధారణంగా ఈ దశలో ఎవరో ఒకరు మీకు ఖరీదైన నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వస్తారు. అది పనికిరానిది కాదు, కానీ మీ నెట్‌వర్క్‌లో ఏమేమి ఉన్నాయో మీకే తెలియనప్పుడు అది ఇచ్చే హెచ్చరికలను చదివేవారే ఉండరు. ముందు ఒక వారం కేటాయించి, మీరూ, ఒక ఎలక్ట్రీషియనూ, ఐటీ నుంచి ఒకరూ కలిసి లైను వెంబడి నడవండి. ప్రతి ప్యానెల్ తెరిచి, ఏ కేబులు ఎక్కడికి పోతోందో చేత్తో పట్టుకుని చూసి రాయండి. యాంటెనాలు, సిమ్‌లు, వైఫై పెట్టెలు, రెండు నెట్‌వర్క్ కార్డులున్న కంప్యూటర్లు, అన్నీ ఆ పుస్తకంలోకి ఎక్కాలి. ఐటీ వారు తమ కంప్యూటర్లకు వాడే స్కానింగ్ సాధనాన్ని నడుస్తున్న లైను మీద ప్రయోగించకుండా చూడండి. పాత పీఎల్‌సీలు అలవాటు లేని ప్రశ్నల వాన కురిస్తే స్తంభించిపోతాయి, ఆ రకంగా లైను ఆగడం నా కళ్లారా చూశాను.

రెండోది బ్యాకప్, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే. సర్వర్ల బ్యాకప్ సంగతి ఐటీ వారు చూస్తారు, పీఎల్‌సీ ప్రోగ్రాములు, హెచ్‌ఎంఐ ప్రాజెక్టులు, డ్రైవ్ పారామీటర్లు, రోబో ప్రోగ్రాములు మాత్రం ఎవరి ఖాతాలోనూ ఉండవు. ఒక కర్మాగారంలో ముఖ్యమైన యంత్రం తాజా ప్రోగ్రాము, రెండేళ్ల క్రితం రిటైరైన ఇంజినీరు సొంత ల్యాప్‌టాప్‌లో తప్ప మరెక్కడా లేదు. ఆయన మంచి మనిషి కాబట్టి ఫోన్ చేయగానే ఇచ్చారు. ప్రతి యంత్రానిదీ తాజా కాపీ తీసి, ఒక కాపీని ఏ నెట్‌వర్క్‌కూ తగలని డిస్కులో పెట్టి బీరువాలో ఉంచండి. నేరగాళ్లు లోపలికి రాగానే ముందు వెతికేది నెట్‌వర్క్‌లో ఉన్న బ్యాకప్‌లనే. నాట్‌పెట్యా రోజున మార్స్క్ నౌకా సంస్థలో ప్రపంచమంతటా డొమైన్ కంట్రోలర్లు (అందరి లాగిన్‌లను చూసే సర్వర్లు) తుడిచిపెట్టుకుపోగా, ఘనాలో కరెంటు పోయి ఆగి ఉన్న ఒక్క సర్వరు మిగిలింది. ఆ ఒక్కదాని సాయంతోనే వారు తిరిగి నిలబడ్డారు. మీ బ్యాకప్ అలాంటి అదృష్టం మీద ఆధారపడకూడదు. తీసిన కాపీ నిజంగా ఎక్కుతుందో లేదో, విడి కంట్రోలర్ ఉంటే దాని మీద, లేకపోతే వార్షిక షట్‌డౌన్‌లో ఒక యంత్రం మీద ఎక్కించి చూడండి. ఎక్కించి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

మూడోది సరఫరాదారుల రిమోట్ కనెక్షన్లు. వాటిని పూర్తిగా తీసేయమని చెప్పను, అర్ధరాత్రి లైను ఆగితే వాటి విలువ మీకు తెలుసు. అన్నీ ఒకే వీపీఎన్ (ఇంటర్నెట్ మీద గుట్టుగా నడిచే కనెక్షన్) దారి గుండా రావాలి, పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చే రెండో ధ్రువీకరణ ఉండాలి, మామూలు సమయంలో ఆ దారి మూసి ఉండి, మీ మనిషి తెరిస్తేనే తెరుచుకోవాలి, పని కాగానే మూయాలి. ప్యానెల్‌లోని రౌటర్‌కు కరెంటు ఇచ్చే చోట తాళంచెవి స్విచ్ ఒకటి పెడితే, పెద్ద ఏర్పాట్లు జరిగేదాకా అది కూడా బాగానే పనిచేస్తుంది. 2021 మేలో అమెరికాలో ఇంధనం మోసే కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోవడానికి మూలం, ఎవరూ వాడకుండా వదిలేసిన ఒక వీపీఎన్ ఖాతా. దానికి రెండో ధ్రువీకరణ లేదు.

నాలుగోది ఆఫీసుకూ లైనుకూ మధ్య గోడ. పారిశ్రామిక వ్యవస్థల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 62443 దీన్నే జోన్లుగా విభజించడమని చెబుతుంది. ఆఫీసు నుంచి ఎవరూ నేరుగా పీఎల్‌సీని చేరకూడదు, రెండు వైపులా సమాచారం ఇచ్చిపుచ్చుకునే సర్వర్లు మధ్యలో వేరే గదిలాంటి జోన్‌లో ఉండాలి, ఫైర్‌వాల్ ఏది ఎక్కడికి వెళ్లవచ్చో పేరుపేరునా అనుమతించి మిగతా అంతా ఆపాలి. లైనుకు సంబంధించిన లాగిన్‌లు ఆఫీసు లాగిన్‌లతో కలిసి ఉండకూడదు, కలిస్తే ఆఫీసు తాళం పోయిన రోజే లైను తాళం కూడా పోతుంది. ప్యాచ్ వేయలేని పాత హెచ్‌ఎంఐలను ఈ గోడ వెనుక ఇంకో చిన్న గదిలో పెట్టండి. ఈ పని నెల రోజుల్లో అయ్యేది కాదు, ఏడాది పట్టినా పట్టవచ్చు, అందుకే మొదటి మూడూ దీనికోసం ఆగకూడదు.

వీటన్నిటితోపాటు ఒక నిర్ణయం ముందే రాసి పెట్టుకోండి. రాత్రి రెండు గంటలకు ఆఫీసు కంప్యూటర్ల మీద డబ్బు అడిగే సందేశం కనిపిస్తే, ఆఫీసుకూ లైనుకూ మధ్య కేబులు పీకే అధికారం ఎవరిది? మేనేజింగ్ డైరెక్టర్ లేచి ఫోన్ ఎత్తేదాకా ఆగితే ఆ గంటలోనే అది లైనులోకి పాకిపోతుంది. ఆ షిఫ్టు ఇన్‌చార్జికి ఆ అధికారం రాతపూర్వకంగా ఇచ్చి, ఏ కేబులో ఎర్ర టేపు చుట్టి చూపించి, పీకినందుకు తరువాత ఎవరూ నిందించరని యాజమాన్యం చేత చెప్పించండి. ఏడాదికి ఒక్కసారైనా ఒక షిఫ్టు ఈఆర్‌పీ లేకుండా, కాగితపు జాబ్ కార్డులతో, చేత్తో రాసిన లేబుళ్లతో నడిపి చూడండి. ఆ ఒక్క షిఫ్టులో బయటపడే లోటుపాట్లు ఏ ఆడిట్‌లోనూ బయటపడవు. అవసరమైన ఏ ఫోన్ నంబరు కంప్యూటర్‌లోనే ఉండిపోయిందో కూడా అప్పుడే తెలుస్తుంది.

చివరగా మీ ప్రశ్నావళి. చాలామంది అన్నిటికీ ‘అవును’ అని టిక్కు పెట్టి పంపేస్తారు. అలా చేయకండి. నేను కొనుగోలుదారుల తరఫున ఇలాంటి జవాబులు చదివాను. అన్నీ ‘అవును’ అని వచ్చిన కాగితాన్ని ఎవరూ నమ్మరు, రేపు ఏదైనా జరిగితే ఆ సంతకమే మీ మెడకు చుట్టుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు రాసి, లేని చోట ‘లేదు’ అని రాసి, దాని పక్కన ఏ నెలకల్లా చేస్తారో, బాధ్యత ఎవరిదో రాయండి. లైను నడిచి తయారుచేసిన కనెక్షన్ల జాబితాను, ఒక యంత్రం ప్రోగ్రామును బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కించిన తేదీని జతచేయండి. మీకున్న నెలలో మొదటి వారం ప్యానెళ్లు తెరవడానికి, రెండు మూడు వారాలు ప్రోగ్రాముల కాపీలు తీయడానికి పెట్టుకుంటే, నాలుగో వారం జవాబులు రాయడానికి సరిపోతుంది. మీ కంట్రోలర్ల మోడళ్లూ, హెచ్‌ఎంఐలలో ఉన్న విండోస్ వెర్షన్లూ తెలిపితే, ఏ యంత్రాలను ముందు విడదీయాలో క్రమం చెప్పగలను. కంపెనీ పేరు, ఐపీ చిరునామాలు మాత్రం అందులో రాయకండి.